ఎత్తితే సరిగ ఎత్తు

శ్రీపాల్ రెడ్డి సారుకు ఆ ఉదయం పట్టుకున్న కడుపుమంట ఏ మందుకూ తగ్గేది కాదు. జనగామలో టీచర్లకు మూడు రోజుల కంప్యూటర్ శిక్షణ. హాల్లోకి వచ్చి, ముందు వరుసలో ఫ్యాను కింద కుర్చీ చూసుకొని, రుమాలుతో మెడ తుడుచుకొని తలెత్తేసరికి, ఎదురుగా పెద్ద డిజిటల్ బోర్డు పక్కన మైకు పట్టుకొని నిలబడింది ఎవరయ్యా అంటే, తెల్లవారి తనకు చాయ్ పెట్టిచ్చిన మమత. సాక్షాత్తూ కట్టుకున్న భార్య.

ఆమె శిక్షణ ఇవ్వబోతోందని తెలియక కాదు. ప్రాథమిక బడుల వాళ్ళకు చెప్పుకుంటుందిలే, చిన్నపిల్లల బొమ్మలూ పాటలూ, మనకేం పోయింది అనుకున్నాడు. హైస్కూలు లెక్కల సార్లకు చెప్పడానికి భూపాలపల్లి నుంచి రావలసిన ఆయనకు జ్వరమొచ్చిందట. చివరి నిమిషంలో ఈమెను ఇటు తోలారు.

"అందరికి నమస్తే. నా పేరు మమత. కొడకండ్ల మండలంల ఒక తండ బడిల పని చేస్త," అంటూ ఆమె వరుసలన్నీ కలియజూసింది. చూపు ముందు కుర్చీ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏమీ ఎరగనట్టు ముందుకు పోయింది. "శ్రీపాల్ సార్, హాజరుల సంతకం పెట్టి పక్కకియ్యున్రి."

సార్ అంది. నలుగురిలో మొగుణ్ణి పేరు పెట్టి, దానికి సార్ తగిలించి మరీ పిలిచింది. వెనక వరుసల్లో కిసకిసలు వినబడ్డాయి. పక్క కుర్చీలోని హన్మంతు సారు ఊరుకుంటాడా? ఆయనది మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ దగ్గర తండా, ఉద్యోగం ఇక్కడ, రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డా నోటికి మాత్రం పదహారేళ్ళే.

"సార్, ఇంటికాడ ఏమని పిలుస్తది?" అని చెవిలో అడిగాడు.

శ్రీపాల్ వినబడనట్టు సంతకం పెట్టాడు. పెన్ను కాగితంలో దిగబడింది.

అసలు శ్రీపాల్ అంటే ఎవరనుకున్నారు? జఫర్‌గఢ్ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంటు. ఉద్యోగంలో మమత కంటే ఒక మెట్టు పైన. వృత్తలేఖిని ముట్టుకోకుండా సుద్దముక్కతో బోర్డు మీద వృత్తం గీస్తే ఎక్కడా వంకర పోదు. వెనక బెంచీలో ఎవడైనా డౌటు అడగడానికి భయపడుతూ చెయ్యి చెవి దాకా లేపి ఆపితే, "ఎత్తితే సరిగ ఎత్తు. డౌటేమన్న దొంగసొత్తా?" అని గద్దిస్తాడు. పదో తరగతి పాసై పోయినవాళ్ళు ఇప్పటికీ ఎక్కడైనా కలిస్తే ఆయన గొంతు అనుకరిస్తూ ఆ మాటే అని నవ్వుకుంటారు. ఇంట్లో మమతకు కూడా అది కంఠతా.

పెళ్ళయిన కొత్తలో ఆమె ఏది రాసినా ముందు అతనికి చూపించేది. పాఠ్య పథకమైనా, సెలవు చీటీ అయినా. అతను చూసి "బాగుంది" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఆమె ముఖం విప్పారేది. ఆ ముఖం చూడటం అతనికి అలవాటైపోయింది. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ పాఠాలంటూ ఆమె ఒక ల్యాప్‌టాప్ కొనుక్కొని, తంటాలు పడుతూ తనకు తానే నేర్చుకుంది. తండా పిల్లలకు ఇంటి భాష వేరు, బడి తెలుగు ఒకపట్టాన ఎక్కదు. ఆమె చంద్రి అనే ముసలామెను కూర్చోబెట్టి తండా మాటలు రికార్డు చేసి, ఒక్కో మాటకు బొమ్మా, తెలుగు మాటా జోడించి పాఠాలు చేసింది. ఒకటో తరగతి పిల్లలు తెలుగు గలగలా మాట్లాడసాగారు. అధికారులొచ్చి చూశారు. పేపర్లో ఫొటో పడింది.

ఆ ఫొటో పడ్డ పేపరు మీద శ్రీపాల్ మరునాడే మిరపకాయలు ఎండబోశాడు. అడిగితే చూడలేదన్నాడు. ఎందుకు చూడలేదు, రెండుసార్లు చదివాడు కూడా.

అప్పటినుంచి ఇంటికి ఫోనొస్తే "మేడమ్ ఉన్నరా సార్?" అనేవాళ్ళే. అతను ఫోను ఎత్తడం, ఆమెకివ్వడం. ఇంకేం పని మిగిలింది? ఇప్పుడు ఆమె ఏదీ చూపించడం లేదు. "బాగుంది" అనే మాట అతని నోట్లోనే పులిసిపోతోంది. "రాన్రి, మీకు గూడ నేర్పిస్త, గంత కష్టమేం గాదు," అని ఆమె రెండుమూడుసార్లు పిలిచింది. "నాకు సుద్దముక్క చాలు," అన్నాడు. తన క్లాసులో పెట్టిన డిజిటల్ బోర్డు మీద కప్పిన గుడ్డ ఇంతవరకు తీయలేదు. పక్క సెక్షన్ పిల్లలు తెర మీద త్రిభుజాలు తిప్పి చూస్తుంటే, తన పిల్లలు కిటికీలోంచి మెడలు సాచి చూస్తున్నారు. అది చూసి కూడా తీయలేదు.

ఇలాంటి మనిషిని ఆమె ముందు విద్యార్థిగా కూర్చోబెడితే ఎట్లా ఉంటుంది?

సాయంత్రం హాలు వదిలే ముందు మమత చెప్పింది. "రేపు మధ్యాన్నం ఒక్కొక్కరు సొంతంగ తయారు చేసిన పాఠం ఈ బోర్డు మీద చూపియ్యాలె. మంచిగ చేసినోళ్ల పేరు జిల్లాల లెక్కల సార్లకు నేర్పే రిసోర్స్ పర్సన్‌గ పంపుతం."

శ్రీపాల్ నిటారుగా కూర్చున్నాడు. దొరికింది. పేరు తనదే పోవాలి. అంతకంటే ముందు, ఇంతమంది ఎదుట, అదే మైకులో, మమత నోటితో "బాగుంది" అనిపించుకోవాలి. ఆమె తన ముందు ఎన్నేళ్ళు నిలబడి విన్నదో ఆ మాట, ఇప్పుడు ఆమె తనకు చెప్పక తప్పని పరిస్థితి తేవాలి.

కోరిక పెద్దదే. కాకపోతే చేతికి మౌస్ పట్టడం రాదు.

బండి తిన్నగా బస్టాండు దగ్గరి ఎల్లస్వామి డీటీపీ షాపు ముందు ఆగింది. పెళ్ళి కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఎన్నికలొస్తే కరపత్రాలు, అన్నీ అక్కడే. సారు కాగితం మీద రాసిచ్చిన పైథాగరస్ పాఠం చూసి ఎల్లస్వామి వేళ్ళు పరుగెత్తించాడు. రంగురంగుల త్రిభుజాలు పెట్టాడు. అవి గిర్రున తిరుగుతూ వచ్చేట్టు చేశాడు. మొదటి పేజీలో శ్రీపాల్ రెడ్డి అన్న పేరు బంగారు రంగులో, పెళ్ళి కార్డులో వరుడి పేరంత వంపులతో మెరిసింది. శ్రీపాల్ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"సార్, చూపెట్టే సిస్టంల గూడ గీ ఫాంట్ ఉండాలె మల్ల. ఉన్నదా?" అన్నాడు ఎల్లస్వామి పెన్‌డ్రైవ్ చేతికిస్తూ.

ఫాంట్ అంటే ఏమిటో శ్రీపాల్‌కు తెలియదు. అడగవచ్చు. అడిగితే ప్రాణం పోదు. కానీ లెక్కల సారు, అందులోనూ మమత మేడమ్ భర్త, ఫాంట్ అంటే ఏందయ్యా అని పెళ్ళి కార్డులు కొట్టేవాణ్ణి అడగడమా?

"ఉంటది, ఉంటది," అని పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి మమత ల్యాప్‌టాప్ ముందు ఉంది. "పాఠం అయిందా? జర చూస్తనా?" అంది.

"రేపు అందరితోని సూద్దువు తీ," అన్నాడు శ్రీపాల్. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

మరునాడు మధ్యాహ్నం అతని వంతు వచ్చింది. పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తన ల్యాప్‌టాప్‌లో పెట్టి పాఠం తెరిచింది. శ్రీపాల్ బోర్డు వైపు చూడకుండా జనం వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకొని, గొంతు సవరించుకున్నాడు. "మొదటి పేజీల నా పేరు, పాఠం పేరు చూడున్రి," అన్నాడు.

వెనక ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత హాలు హాలంతా నవ్వింది.

తిరిగి చూస్తే బోర్డు మీద బంగారు రంగులో కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు, సగం బ్రాకెట్లు. తెలుగన్నది ఒక్క ముక్క లేదు. వాటి చుట్టూ ఎర్ర త్రిభుజం మాత్రం గిర్రున తిరిగి, వచ్చి, ఆగి, మళ్ళీ తిరుగుతోంది.

"సార్, గిది ఏ భాష?" అన్నాడు హన్మంతు. "మా తండల గూడ గిట్ల మాట్లాడరు."

శ్రీపాల్‌కు తల కొట్టేసినట్టయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటలో అతనికి ఒక్క మనిషే కనబడింది. "నిన్న మంచిగనే ఉండె. నీ ల్యాప్‌టాప్‌ల పెట్టినంకనే గిట్లయింది. ఏం చేసినవ్?" అన్నాడు. నువ్వు అనేశాడు, అంతమందిలో.

నవ్వులు టక్కున ఆగాయి. మమత బోర్డు వైపు చూసింది. ఆ పిచ్చి అక్షరాలను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తర్వాత అతని వైపు చూసింది. ఆమె ఏదో చెప్పబోయి ఆగిందని అతనికి తెలిసింది.

"కావచ్చు సార్. నా ల్యాప్‌టాప్‌లనే ఏదో లోపం ఉన్నట్టుంది. మీరు రేపు మల్ల చూపెట్టున్రి," అంది.

"నేర్పేటోళ్ల ల్యాప్‌టాపే గిట్లుంటే ఇగ మేమేం నేర్చుకునుడు?" అన్నాడు వెనకనుంచి జగపతి అనే సారు, కొంచెం గట్టిగానే. నలుగురైదుగురు తలలూపారు. మమత చెవులు ఎర్రబడ్డాయి. తర్వాతివాళ్ళ పేరు పిలిచింది.

చెప్పకూడదు గానీ, శ్రీపాల్‌కు లోలోపల సంతోషం కలిగింది. పరువు పోతే పోయింది, ఇద్దరిదీ పోయింది. ఇద్దరూ సమానమయ్యారు. ఆ సంతోషం చాయ్ తాగే దాకానే మిగిలింది.

బయట హోటల్ దగ్గర గ్లాసు పట్టుకొని అందరికీ వినబడేట్టు చెబుతున్నాడు. "పేరుకే మేడమ్. సిస్టం మంచిగ పెట్టుకునుడు రాదు," అని. హన్మంతు అతన్ని భుజం పట్టి పక్కకు తీసుకెళ్ళాడు.

"పాఠం బయట చేపిచ్చిన్రు గద సార్?"

"ఎవడన్నడు?"

"ఎవలో అనుడెందుకు. నిరుడు నేను గూడ గట్లనే చేపిచ్చిన. గట్లనే అయింది. డీటీపోళ్లు కొట్టేది వాళ్ల పాత ఫాంట్ల. అంటే అచ్చు పెట్టెల ఒక్కొక్కనికి ఒక్కో రకం అచ్చరాలుంటయి సూడు, గట్ల. ఆ ఫాంట్ లేని సిస్టంల తెరిస్తే తెలుగు పోయి గీ చెత్త వస్తది. గిది నాకు చెప్పిందెవరనుకున్నరు? మీ ఇంటామెనే."

ఎల్లస్వామి అడిగిన మాట శ్రీపాల్ చెవిలో మోగింది. ఉంటది, ఉంటది.

"గట్లయితే ఆమెకు..."

"సూడంగనే తెల్సిపోయి ఉంటది. బయట చేపిచ్చుకొచ్చిన్రని గూడ తెల్సిపోయి ఉంటది. ఒక్క మాటంటే హాలంతా మిమ్మల్ని సూసి నవ్వుతుండె. తన మీదేసుకున్నది," అని హన్మంతు తన గ్లాసు కడిగి పెట్టి లోపలికి పోయాడు.

శ్రీపాల్ మిగిలిన చాయ్ పారబోశాడు. సిగ్గుపడాలని తెలుసు, పడ్డాడు కూడా. కానీ సిగ్గు కంటే ముందు వచ్చింది మళ్ళీ ఆ దిక్కుమాలిన అసూయే. కంప్యూటర్ ఆమెకే వచ్చు, పేరు ఆమెకే వచ్చింది. ఇప్పుడు పదిమందిలో ఒకరి తప్పు నెత్తినేసుకొని నోరు మూసుకునే పెద్దమనసు కూడా ఆమెకేనా? తనకేం మిగిల్చింది ఈ మనిషి?

సాయంత్రం ఇంట్లో ఆమె ఆ ఊసే ఎత్తలేదు. సొరకాయ కూర వండింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. ఒక తిట్టు తిట్టినా బాగుండు అనుకున్నాడు. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఆమె తిట్టలేదు. నవ్వలేదు కూడా. ఆ ఇంట్లో ఆమె నవ్వు విని ఎన్నాళ్ళయిందో అతను లెక్కపెట్టబోయి మానుకున్నాడు.

చివరి రోజు పొద్దున ఎల్లస్వామి షాపు ముందు బండి నెమ్మదించింది. షట్టరు అప్పుడే లేస్తోంది. ఫాంట్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమంటే వేసిస్తాడు, బంగారు రంగు పేరు బోర్డు మీద వెలుగుతుంది. శ్రీపాల్ ఒక కాలు నేల మీద ఆనించి కాసేపు ఆలోచించి, బండిని ముందుకే పోనిచ్చాడు.

ఆ ఉదయం అందరినీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. నిన్న ఎట్లా చేసుకొచ్చినా, ఈరోజు ఎవరి పాఠం వాళ్ళే ఇక్కడ కొట్టి మధ్యాహ్నం మళ్ళీ చూపించాలి. శ్రీపాల్ ముందు తెల్లటి తెర, దాని మీద మిటకరిస్తున్న ఒక నిలువు గీత. పాఠం పేరు కొడదామని వేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కితే ఇంగ్లీషు వచ్చింది. చెరిపాడు. మళ్ళీ ఇంగ్లీషే వచ్చింది.

"మేడమ్," అని హన్మంతు చెయ్యెత్తాడు. "నా బాణం గుర్తు ఎటో ఉరికింది. దొరుకుత లేదు."

మమత వచ్చింది. "మౌస్ జర కదిలియ్యున్రి. అగో, మూలకు దాక్కున్నది." హన్మంతు ఇంకో డౌటు అడిగాడు. ఆమె వంగి చెప్పింది. అదే డౌటు మళ్ళీ అడిగాడు. విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. తెలుగు ఎట్లా కొట్టాలో, ఏ అక్షరానికి ఏది నొక్కాలో ఒక్కొక్కటే నొక్కించింది. తెర మీద 'అమ్మ' అని తెలుగులో పడగానే హన్మంతు, "మా అమ్మ సూస్తే నన్ను గిప్పుడు బళ్లేస్తుండె," అన్నాడు. మమత నవ్వింది. ఫక్కున, తల వెనక్కి వాల్చి.

శ్రీపాల్ గుండెలో కలుక్కుమంది. ఆ నవ్వు తనది. తన ఇంటిది. ఈ తలనెరిసిన హన్మంతు దాన్ని పొద్దున పొద్దునే తేరగా కొట్టేశాడు. ఆ పక్కన జగపతి, నిన్న అంత మాటన్నవాడు, వాడు కూడా చెయ్యెత్తాడు. ఆమె వాడి దగ్గరికీ పోయింది. వాడికీ అంతే ఓపిగ్గా చెప్పింది. ఈ హాల్లో ఎవడు చెయ్యెత్తినా ఆమె వస్తుంది. పక్కన నిలబడుతుంది, నవ్వుతుంది కూడా. ఒక్కసారి చెయ్యెత్తితే చాలు. ఇంతమందిలో అది చేతకానిది ఆమె మొగుడొక్కడికే.

హన్మంతు మీద, జగపతి మీద, చెయ్యి ఎత్తగలిగిన ప్రతివాడి మీదా అతనికి కుళ్ళు పుట్టింది. ఆ కుళ్ళే అతని చేతిని లేపింది.

లేపింది గానీ చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. వేళ్ళు జుట్టు సవరించుకుంటున్నట్టు నటించాయి. దించేద్దామా అనుకునేలోపు మమత చూసేసింది. రెండు వరుసల అవతలినుంచి, మైకు లేకుండానే, గొంతు కొంచెం బొంగురు చేసి అంది.

"శ్రీపాల్ సార్, ఎత్తితే సరిగ ఎత్తున్రి. డౌటేమన్న దొంగసొత్తా?"

అది తన గొంతే. జఫర్‌గఢ్ వెనక బెంచీల మీద ఇన్నేళ్ళు పడిన గొంతు. చెయ్యి చెవి దగ్గర ఆగినప్పుడు లోపల ఎట్లా ఉంటుందో అతనికి ఇప్పుడు తెలిసింది.

చెయ్యి పూర్తిగా ఎత్తాడు. అది చాలదనిపించి లేచి నిలబడ్డాడు.

"మేడమ్," అన్నాడు. ఆ మాట నోట్లోంచి రావడం ప్రసవమంత అయింది. "నిన్నటిది మీ ల్యాప్‌టాప్ తప్పు గాదు. నా పాఠం నేను చేసుకోలే. బస్టాండుకాడ చేపిచ్చిన. ఫాంట్ ఉన్నదా అని ఆయన అడిగితే ఉన్నదన్న. ఫాంటంటే ఏందో నాకు తెల్వదు. తెల్వదని మీకు గూడ చెప్పబుద్ధి గాలే."

జగపతి తన కీబోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. హన్మంతు మాత్రం హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

మమత వచ్చి అతని కుర్చీ పక్కన నిలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "కూసోన్రి సార్. ఫాంట్ సంగతి అందరికి చెప్త. మొదలు మీరు తెలుగు కొట్టున్రి. ఏం కొడ్తరు?"

"త్రిభుజం."

"మొదటిదే కష్టమైంది పట్టుకున్నరు," అంది.

ఒక్కో అక్షరం చెప్పింది. అతను ఒక్కో వేలితో నొక్కాడు. మొదటిసారి తి పడింది. చెరిపించింది. రెండోసారి త్రి వచ్చింది, తర్వాత భు వచ్చింది. చివరికి తెర మీద ఆ మాట నల్లగా, చిన్నగా, వంపులూ బంగారమూ లేకుండా నిలబడింది. మధ్యాహ్నానికి తన పాఠం నాలుగు వాక్యాలూ ఒక బొమ్మా మించదని అతనికి తెలుసు. రిసోర్స్ పర్సన్‌గా పోయేది తన పేరు కాదని కూడా తెలుసు. తెలిసి మండింది. మండనీ.

మమత తెర వైపు వంగి ఆ ఒక్క మాటనూ చూసింది.

"బాగుంది," అంది.

అతను తల తిప్పి ఆమె వైపు చూసే ధైర్యం చెయ్యలేదు. తన ముఖం ఇప్పుడు ఎట్లా ఉందో, ఏళ్ళ కిందట ఆమె ముఖంలో తాను చూసిందేనేమో అని భయపడ్డాడు.

"మేడమ్," అని హన్మంతు మళ్ళీ పిలిచాడు. "బాణం మల్ల ఉరికింది."

మమత అటు అడుగేసింది. శ్రీపాల్‌కు ఏ డౌటూ లేదు. త్రిభుజం తెర మీద చక్కగా ఉంది, తర్వాతి మాట ఎట్లా కొట్టాలో కూడా తెలిసింది. అయినా చెయ్యి లేచింది, ఈసారి భుజం పట్టేసేంత నిటారుగా.

ఆమె ఇద్దరినీ చూసింది. "హన్మంతు సార్, ఒక్క నిమిషం ఆగున్రి," అని ఇటు తిరిగింది.